కుర్చీ

"కూర్చోండక్కా" అంటూ చిన్న నర్సు కుర్చీ లాగింది.

పెద్ద నర్సు కూర్చోలేదు. లోపల ఆపరేషన్ బల్ల మీద ఉన్నది ఆవిడ భర్త. ఈ కుర్చీ మర్యాద ఈ పిల్లకి నేర్పింది ఆవిడే.

ఒకసారి తను వరండాలో నిలబెట్టి చావు కబురు చెబితే, ఓ తల్లి మొదలు నరికిన చెట్టులా కూలి తల పగలగొట్టుకుంది. ఎక్కడ తప్పు చేశానని పెద్ద నర్సు పదే పదే తలపోసింది. అప్పటినుంచి ముందు కుర్చీ వేయడం, ఆ తర్వాతే నోరు విప్పడం. డ్యూటీ దిగాక టీ తాగుతూ కొత్త పిల్లలందరికీ అదే నూరిపోసేది. అయినా రోగుల బంధువుల్లో కొందరు కూర్చోమంటే ససేమిరా అనేవారు. "ఏం మొండి మనుషులే తల్లీ!" అని విసుక్కునేది.

"ఎలా ఉన్నారే?"

చిన్న నర్సు మాస్కు కిందికి లాగింది. "ముందు కూర్చోండక్కా."

"నేను కూర్చోను."

"మీరే కదక్కా చెప్పారు..."

"చెప్పాను. తెలియక చెప్పాను." పెద్ద నర్సు గోడ పట్టుకుంది. "వాళ్లది మొండితనం కాదే. కూర్చునేదాకా నువ్వు చెప్పవుగా. నువ్వు చెప్పేదాకా ఆయన ఉన్నట్టేగా!"

చిన్న నర్సు కుర్చీ మీంచి చెయ్యి తీసేసింది.

"ఇంకాసేపు ఉండనివ్వవే ఆయన్ని."

ఆ పిల్ల కుర్చీని మెల్లగా గోడ వారకి జరిపేసింది. వచ్చి, ఆవిడ పక్కనే తనూ నిలబడింది.