గేటుకు మొక్కు

జూట్ మిల్లులో అడుగుపెట్టే ముందు గవరయ్య గేటును తాకి, తల వంచి, చెయ్యి కళ్లకద్దుకుంటాడు. మిల్లులో అందరికీ తాతలనాటి అలవాటది. ఇప్పుడా గేటు మాట్లాడుతుంది. యూనియన్‌తో రాసుకున్న ఒప్పందంలో యజమాని ఏం మార్చాడో పొద్దున్నే చదువుతుంది. తల వంచితే ఒప్పుకున్నట్టు రాసుకుని తెరుచుకుంటుంది. అన్నం తిన్నాక నడుం వాల్చే అరగంట అలాగే పోయింది. కార్మిక బోర్డుకు పోతే అక్కడి యంత్రం న్యాయంగానే చెప్పింది: “ఏకపక్షంగా మార్చడం తప్పే. కానీ మీరంతా తల వంచారు.”

ఈవేళ గేటు, “ఇకపై ఆదివారం సెలవు లేదు” అంది.

గవరయ్య చెయ్యి దానంతటదే లేచింది. వెనకున్న మరదలు పైడమ్మ ఒడిసిపట్టుకుంది.

“ఉన్న ఒక్క ఆదివారాన్నీ దీనికి మొక్కు చెల్లించీస్తావేటి బావా?”

“తప్పు గదే, మా తాత మొక్కిన గడపిది.”

“మీ తాత మొక్కినప్పుడు దీనికి కళ్లు లేవు.”

గవరయ్య మెడ నిలబెట్టాడు. ఏళ్లతరబడి వంగిన మెడ, నొప్పి పుట్టింది. వెనక వరసంతా అలాగే నిలబడింది. సైరన్ మోగినా గేటు తెరుచుకోలేదు. చాలాసేపటికి, “మీకు సమ్మతమేనా?” అంది.

“ఇన్నాళ్లకి అడిగినావు,” అంటూ గవరయ్య అక్కడే చతికిలబడ్డాడు. “మీ ఓనర్ని రమ్మను. కూకుని మాటాడుకుందాం.”