మసక పేజీలు

“అవి చేతులేనా? అద్దెకు తెచ్చుకున్నారా?”

ప్రోగ్రామర్ అరుపుకు రికార్డుల గదిలో అందరూ తలెత్తారు. పాత గుమస్తా పెద్దక్క మాత్రం ఎత్తలేదు. స్కానర్ అద్దం మీద ఇంకో పేజీ పరిచి మూత వేసింది.

కోర్టులో ఏళ్ళ తరబడి మూలుగుతున్న పాత ఫైళ్ళన్నిటినీ ఆవిడ స్కాన్ చెయ్యాలి. ఆ బొమ్మల్లోంచి అక్షరాలను ఏరి, ఎవరు ఏ పేరు కొట్టినా కాగితం కళ్ళముందుకొచ్చేలా అతను కోడ్ రాయాలి. నెలాఖరుకి అది నడవకపోతే అతని ఉద్యోగం ఊడుతుంది. ఆ ముక్క పైఅధికారి మొహమాటం లేకుండానే చెప్పాడు.

నడవడానికేం, భేషుగ్గానే నడుస్తోంది. కొన్ని ఫైళ్ళ దగ్గరే మొరాయిస్తోంది. వాటిలో మొదటి పేజీ పైభాగం అలికేసినట్టు మసగ్గా వస్తోంది. పేరూ చిరునామా ఉండేది అక్కడే. అవి లేకపోతే ఇంక వెతికేదేముంది?

“లైటు వెళ్తున్నప్పుడు పేజీ కదపొద్దని ఎన్నిసార్లు చెప్పాలి మేడం?”

“చెయ్యి వణుకుతోంది బాబూ. వయసు.”

“వయసైతే ఇంట్లో కూర్చోవాలి. ఇక్కడికొచ్చి నా ప్రాణం తియ్యకూడదు.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పూట నుంచి ఆవిడ పేరు వణుకు మేడం అయిపోయింది. జాలి చూపించిన పాపాన ఒక్కరూ పోలేదు.

ఆవిడ ఒక్కసారి మాత్రం నోరు విప్పింది.

“అన్నీ అందరికీ దొరకాలంటావా బాబూ? కొన్ని వదిలెయ్యకూడదూ?”

“దొరకడానికేగా నాకు జీతమిచ్చేది! మీ కబుర్లు వినడానికి కాదు.”

సూపరింటెండెంట్ గదికి వెళ్ళి కూడా అదే అడిగింది.

“పైనుంచి ఆర్డరు. వద్దనడానికి నువ్వెవరు, నేనెవరు?” అని ఆయన సంతకాలు ఆపకుండానే పంపేశాడు.

ప్రోగ్రామర్ కోడ్‌ని తిరగరాశాడు, మరగరాశాడు. వంకర పోయిన వరుసను సరిచేయించాడు, చెరిగిన గీతను దిద్దించాడు. అయినా ఆ ఫైళ్ళు లొంగలేదు. రోజులు దగ్గరపడుతున్నకొద్దీ అతనికి అన్నం కూడా సయించడం మానేసింది.

ఒక మధ్యాహ్నం ఊడిపోయిన ఫైలును కుట్టడానికి పెద్దక్క సూది తీసింది. దారం ఒక్క ఊపులో ఎక్కించేసింది. చెయ్యి ఇసుమంతైనా అదరలేదు.

అతనికి ఒళ్ళు మండిపోయింది. చప్పుడు చెయ్యకుండా వెనక నిలబడి చూశాడు. ఆవిడ ఫైలు విప్పి, మొదటి పేజీ చదివి, అద్దం మీద పెట్టింది. లైటు కదలగానే రెండు వేళ్ళతో కాగితాన్ని మెల్లిగా లాగింది.

“కావాలనే చేస్తోంది సార్!”

సూపరింటెండెంట్ పరుగున వచ్చాడు. “ఎందుకు చేశావ్?”

ఆవిడ చుట్టూ ఉన్న మొహాలన్నీ చూసింది. “ఇంతమందిలో చెప్పలేను సార్.”

“చాటుగా చెప్పేదేముంది? మిషన్ వస్తే తన కుర్చీ పోతుందని ఏడుపు!” అన్నాడు ప్రోగ్రామర్.

“ఇంటికి పద. ఆర్డరు వెనకాల వస్తుంది,” అన్నాడు సూపరింటెండెంట్.

ఆవిడ సంచీ భుజాన వేసుకుని ప్రోగ్రామర్ ముందు ఆగింది. “నన్ను పంపితే పంపారు. ఆ ఫైళ్ళు మటుకు మళ్ళీ స్కాన్ చెయ్యకు బాబూ. నీకు దణ్ణం పెడతాను.”

“దణ్ణాలు దేవుడికి పెట్టుకోండి.”

ఆవిడ గుమ్మం దాటకముందే అతను స్కానర్ ముందు కూర్చున్నాడు. ఆ ఫైళ్ళన్నీ తనే చేశాడు. కోడ్ అన్నిటినీ గడగడా చదివేసింది. పైఅధికారి వచ్చి భుజం తట్టాడు. ఉద్యోగం నిలబడింది.

జనం కోసం హాల్లో కంప్యూటర్ పెట్టిన రోజే ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చాడు. నెమ్మదైన మనిషి. “మా ఆవిడ కేసండీ,” అంటూ పేరు కొట్టాడు. పేజీ చటుక్కున తెర మీదికి వచ్చింది.

“ఎన్నిసార్లు తిరిగానో! ఇక్కడో పెద్దావిడ ఫైలు కనబడట్లేదని పంపేసేది. మీరు చిటికెలో చూపించారు.”

“ఆవిణ్ణి సాగనంపేశాం లెండి.”

“మంచి పని చేశారు. ఈ వీధికి ఎలా వెళ్ళాలండీ?”

ప్రోగ్రామర్ ఉత్సాహంగా మ్యాపు తెరిచి మలుపు మలుపూ చూపించాడు. ఆయన చల్లగా ఉండమని దీవించి, గబగబా వెళ్ళిపోయాడు.

ప్రోగ్రామర్ ఆ పేజీని మురిపెంగా చూసుకున్నాడు. ఒక్క అక్షరం పోలేదు. రెండో పేజీకి వెళ్ళాడు. ఇన్ని కాగితాలు మిషన్ చేత చదివించాడే గానీ, ఒక్కటీ తను చదివిన పాపాన పోలేదు. ఇప్పుడు చదివాడు.

విరిగిన మోచెయ్యి. కాలిన వీపు. ‘నేనెక్కడున్నానో నా భర్తకు చెప్పవద్దు, తెలిస్తే చంపేస్తాడు’ అన్న వేడికోలు. కింద వేలిముద్ర.

పెద్దక్క మసక చేసిన ఇంకో ఫైలు తీశాడు. ఆ తర్వాత ఇంకోటి. ప్రతిదాంట్లోనూ ఒక ఆడమనిషి, అదే వేడికోలు. పేర్లు వేరు. పైనున్న చిరునామా మాత్రం అన్నిట్లోనూ ఒక్కటే.

సూపరింటెండెంట్ గదిలోకి పరుగెత్తాడు.

“పోలీసులకు ఫోన్ చెయ్యండి సార్! ఒకడు పెళ్ళాన్ని చంపడానికి వెళ్తున్నాడు. దారి నేనే చూపించాను!”

ఆయన కంగారుగా ఫోన్ అందుకున్నాడు. “ఎక్కడ? అడ్రసు చెప్పు!”

ప్రోగ్రామర్ చెప్పాడు.

ఆయన వేళ్ళు అంకెల మీద ఆగిపోయాయి. “మళ్ళీ చెప్పు.”

మళ్ళీ చెప్పాడు.

“పెద్దక్కను తీసేసిన ఆర్డరు మొన్న ఆ ఇంటికేనయ్యా పంపాను,” అన్నాడు సూపరింటెండెంట్.