అంచు మీద ఖాళీ

"పైన ఏం చెక్కను హన్నా?" వాకిలి వైపు చూస్తూ మెల్లిగా అడిగాడు మురిస్.

"నన్నడుగుతావేం? నీకు తెలీదూ?"

రాయి బల్ల మీద పడుకుని ఉంది. ఐర్లండ్ పాతకాలపు ఓగమ్ లిపిలో అక్షరాలన్నీ గీతలే, రాయి అంచు పట్టుకుని కిందినుంచి పైకి పోతాయి. అడుగున ఫినియన్ పేరు, దాని మీద 'కొడుకు' అన్న మాట అయిపోయాయి. ఆ పైన తండ్రి పేరు రావాలి. పాతకాలం నుంచీ ఆ రాళ్ల పద్ధతే అంత.

హన్నా కొడుకు ఫినియన్ చేపల పడవతో పాటే సముద్రంలో పోయాడు. ఆవిడకి పెళ్లి కాలేదు. వాడి తండ్రెవరో ఆవిడ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. మురిస్‌కి ఒకరు చెప్పక్కర్లేదు, ఆ తండ్రి తనే.

"తల్లి పేరు పెట్టినా తప్పులేదు," అన్నాడు.

"బతికినన్నాళ్లూ నా పేరుతోనే బతికాడు. పోయాకైనా..."

టీ కెటిల్‌తో మురిస్ భార్య ఐలీన్ వచ్చింది. ఐలీన్ ఎడమచేత్తో టీ పోస్తూ రాయికేసి చూసింది.

"ఇంకా సగంలోనే ఉందే? రేపు ప్రార్థన కాగానే నిలబెట్టాలిగా. చేతకాకపోతే చెప్పు, నేను చెక్కుతా."

"నువ్వా? మొన్న పబ్ వాడి పలక చెక్కావుగా. నీ ఎడమచేతి వాటానికి గీతలన్నీ ఎడమకే వాలాయి. తాగి చెక్కారా అనడిగాడు."

"వాలితే ఏం? మనిద్దరం తప్ప ఈ ఊళ్లో చదివేవాళ్లెవరు?"

మురిస్ పైకి నవ్వాడు. అతని భయమంతా ఆ రెండో మనిషి గురించే.

హన్నా వెళ్లిపోయింది. మురిస్ ఉలి ఆనించాడు, తీశాడు, మళ్లీ ఆనించాడు. ఎన్నో ఊళ్ల వాళ్ల పేర్లు చెక్కిన మనిషికి తన పేరు చెక్కుకునే ధైర్యం లేకపోయింది. చివరికి రాయి మీద గోనెగుడ్డ కప్పేసి లోపలికొచ్చాడు.

"అయిందా?" అంది ఐలీన్, బంగాళాదుంపల తొక్క తీస్తూ.

"పైన ఖాళీగా ఉంచేశా. ఎవరడుగుతారులే."

"పాపం, ఆ పిల్లాడికి ఒక తండ్రి ఉండొద్దూ?"

మురిస్ కోటు తగిలించుకుని పబ్‌కి పోయాడు.

పొద్దున్నే కుర్రాళ్లు వచ్చి రాయిని గుడ్డతో సహా బండిలో తీసుకుపోయారు. శ్మశానంలో గాలీ వానా ఈడ్చి కొడుతున్నాయి. ఫాదర్ గుడ్డ లాగాడు. హన్నా వేలు అంచు మీద అడుగునుంచి పైకి పాకింది. ఖాళీ ఉండాల్సిన చోట కూడా గీతలే తగిలాయి. ఆవిడ మురిస్ వైపు చూసి, కళ్లు తుడుచుకుని తల ఊపింది.

మురిస్ దగ్గరికెళ్లి చదివాడు. ఫినియన్, కొడుకు, మురిస్. ఐలీన్ కోసం వెతికాడు. ఆవిడ హన్నా పక్కన నిలబడి గొడుగు పట్టింది. మళ్లీ రాయికేసి చూశాడు.

తన పేరులో గీతలన్నీ ఎడమకి వాలి ఉన్నాయి.