కొసరి వడ్డన

పెళ్ళిళ్ళలో వడ్డనంతా మరబొమ్మల చేతికి వచ్చాక కాకినాడలో కొత్త ఉద్యోగం ఒకటి పుట్టింది. "చాలు" అనగానే మరబొమ్మ ఠక్కున ఆగిపోయేది. మొహమాటానికి చాలన్నవాళ్ళంతా అర్ధాకలితో లేచేవారు. దాంతో కొసరి కొసరి వడ్డించడానికి బంతికో మనిషిని పెట్టుకోక తప్పలేదు.

బ్యాంకులో కుర్చీలన్నీ యంత్రాలకే పోయాక, మేనేజరు వామనమూర్తి ఈ పనిలో చేరాడు. "మనవాళ్ళెవరైనా చూస్తే?" అని భార్య రోజూ హడలిపోయేది.

చూడనే చూశారు. ఆవేళ బంతిలో సాక్షాత్తూ వియ్యంకుడు పద్మనాభం కూర్చున్నాడు. వామనమూర్తి కాళ్ళు వంటశాల వైపు లాగాయి. కానీ ఆయన విస్తట్లో పప్పన్నం పొడిపొడిగా కనబడింది. నేతి గిన్నెతో వెళ్ళి వంగాడు.

"బావగారూ, మీరా!"

"నేనే. నెయ్యి వేస్తాను, కలుపుకోండి."

"అయ్యయ్యో, మీ చేత వేయించుకోవడమా! చాలు, చాలు," అంటూ పద్మనాభం విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

వామనమూర్తి పక్కనున్న మరబొమ్మను చూపించాడు. "చాలంటే ఆగిపోవడం దాని పని బావగారూ. నా ఉద్యోగం అక్కణ్ణుంచే మొదలు."

గరిటె ఎత్తి, నిటారుగా నిలబడ్డాడు. పద్మనాభం మెల్లగా చెయ్యి తీశాడు.