సీలు మీద అంకె

"నా పాత ప్యూజో కారుకి ఆయిల్ సీలు ఈ వారమైనా వచ్చిందా, బాఫోర్?"

కుమాసి నగరం మెకానిక్కుల వాడలో, బాఫోర్ విడిభాగాల కొట్టు దగ్గర అదుసేయి నాలుగేళ్లుగా ఇదే అడుగుతున్నాడు. ఈసారి నల్లబట్టల్లో ఉన్నాడు. భార్యను పూడ్చి తొమ్మిది రోజులు.

"ఎప్పట్నుంచో ఉంది పెద్దయ్యా. ఇవ్వొద్దని కొట్టుకొట్టుకీ తిరిగి చెప్పింది మీ ఆవిడే." బాఫోర్ ఒక రబ్బరు సీలు తీసి ఆయన చేతిలో పెట్టాడు. "దీని మీద అంకె చదవగలిగితేనే ఇమ్మంది."

ముసలాయన దాన్ని ఎండకేసి తిప్పాడు.

"ముప్పై ఎనిమిది, యాభై, ఎనిమిది."

"అది మీ బండి సీలు కొలత, మీకు కంఠతా వచ్చిన అంకె. నేనిచ్చింది వేరే బండి సీలు."

అదుసేయి సీలును బల్ల మీద పెట్టాడు. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు.

"వేరేది ఇచ్చి చూడమన్నదీ ఆవిడేనా?"

"ఆవిడే. చదవలేకపోతే చెయ్యి పట్టుకుని బస్సెక్కించమంది కూడా."