కర్ర వెనక్కి రావాలి

నన్ను బురిడీ కొట్టించే మనిషి ఈ విస్కాన్సిన్ రాష్ట్రం మొత్తంలో ఇంకా పుట్టలేదు. అందుకే ఆర్విడ్ లూండ్ ఎలా బోల్తా పడ్డాడో చెప్పడానికి నాకంటే తగినవాడు దొరకడు.

ఆర్విడ్ అందగాడు, చురుకైనవాడు. ఈ మాట ఊళ్ళో అందరూ ఒప్పుకోరనుకోండి.

ఆయనా, ఆయన భార్య మార్గిట్టూ కలిసి పశువుల కొట్టంలో విమానం కట్టారు. తాతల కాలం నాటి నమూనా. చెక్క ఎముకలు, వాటి మీద గుడ్డ, ముక్కున ఒక పాత కారు ఇంజను. నడిపేవాళ్ళు వెనక సీట్లో కూర్చుని, మోకాళ్ళ మధ్య నుంచి లేచిన కర్రను అటూ ఇటూ లాగుతూ నడపాలి. చెక్క కోసింది ఆయన. గుడ్డ కప్పి, మైనం పట్టించిన దారంతో కుట్టింది ఆవిడ. ఆ చలికాలం ఎంత చలంటే, మా ఆవులు పాలు మానేసి ఐస్‌క్రీం ఇచ్చాయి. అయినా ఆవిడ కుట్టు ఒక్కటి కూడా వంకర పోలేదు.

పని మొదలుపెట్టిన రోజే మార్గిట్ ఒక మాట తీసుకుంది.

"మొదట ఎగిరేది నేను. మా నాన్న టోపీ పెట్టుకుని ఎగరాలి."

ఆమె తండ్రి పొలాల మీద మందు చల్లే విమానం నడిపేవాడు. ఆమెకు నేర్పింది తండ్రి. ఆర్విడ్‌కు నేర్పింది ఆమె.

"నువ్వు కాక ఇంకెవరు ఎగురుతారు?" అన్నాడు ఆర్విడ్.

గుడ్డ కప్పడం అయిపోయింది. ఆ వేసవిలో విమానాల సంఘంవాళ్ళు ఎప్పటిలాగే మైదానంలో పాన్‌కేకుల ఫలహారం పెట్టారు. సంఘానికి పెద్ద హాల్వర్. ఆయన తల ఊపందే మా వైపు కొత్త విమానమేదీ నేల విడవదు. ఆయన అందరి ముందూ అడిగాడు.

"ఏరా ఆర్విడ్, మొదట ఎక్కేదెవరు?"

"నేనే."

"మరి మార్గిట్?"

"సాండ్‌విచ్ కట్టి ఇస్తుంది."

మైదానమంతా నవ్వింది. మార్గిట్ కూడా నవ్వింది, అందరికంటే కాస్త ఆలస్యంగా.

ఇంటికొచ్చాక ఒక్కసారే అడిగింది. "నాకిచ్చిన మాట సంగతేంటి?"

"నలుగురిలో అనేశాను కదే. ఇప్పుడు కాదంటే వాళ్ళు నన్ను బతకనిస్తారా?"

"సరేలే," అంది.

పోట్లాడలేదు. పళ్ళేలు విసరలేదు. మర్నాడు మీగడ పూసి ఆపిల్ కేకు చేసింది. ఆ మర్నాడు బంగాళదుంపల మీద చీజు పరిచి కాల్చింది. ఆ వాసనకు పక్క ఊరి కుక్కలు కూడా వచ్చి గుమ్మంలో కూర్చునేవి.

విమానానికి ఇంజను బిగించడం, రంగు వేయడం మిగిలాయి. ఆర్విడ్ తొందరపడ్డప్పుడల్లా "ఇంకో పూత వేద్దాం" అనేది మార్గిట్. ఆ పూత ఆరేలోగా తినమని ఇంకో ముక్క పెట్టేది. అలా రెండు చలికాలాలు గడిచాయి. ఎంత మంచి ఇల్లాలో అనుకున్నారు అందరూ. నేనూ అనుకున్నాను.

మా వైపు విమానాలు కట్టుకునేవాళ్ళకు ఒక పట్టింపు ఉంది. గుడ్డ కప్పాక, ఎగిరే రోజు వరకూ సీట్లో ఎవరూ కూర్చోకూడదు. కూర్చుంటే విమానం అలుగుతుందట. కర్ర సరిగ్గా ఆడుతోందో లేదో చూడాలన్నా పక్కన నిలబడి, చెయ్యి లోపలికి పెట్టి ఊపుతారు. గుడ్డ కప్పకముందు ఆర్విడ్ అందులో కూర్చుని చూసుకున్నాడు. కొలిచి కుట్టించిన చొక్కాలా సరిపోయింది.

మే నెలలో, గాలి లేని ఒక పొద్దున, సంఘమంతా గడ్డి మీద చేరింది. మొదటిసారి ఎగిరేటప్పుడు లోపల ఒక్కరే ఉండాలని నియమం. ఆర్విడ్ ఎక్కాడు. ఎక్కాడు గానీ సీట్లోకి దిగలేకపోయాడు. హాల్వర్ ఒక భుజం, ఇంకొకాయన ఇంకో భుజం పట్టి అదిమితే సీటు చేరాడు.

"కర్ర వెనక్కి లాగు," అన్నాడు హాల్వర్.

కర్ర కొంచెం వచ్చి ఆగింది.

"పూర్తిగా లాగరా."

"ఇదే పూర్తి."

హాల్వర్ లోపలికి తొంగి చూశాడు. "పూర్తి కాదు, నీ పొట్ట. కర్ర ఇంతే వస్తే, నేలకు దిగేటప్పుడు ముక్కు ఎలా లేపుతావు?"

"ఊపిరి బిగపడతాను."

"బిగపట్టే ఊరు చుట్టొస్తావా?"

గుంపులోంచి మార్గిట్ ముందుకొచ్చింది. తండ్రి టోపీ అప్పటికే ఆమె తల మీద ఉంది.

"దిగు," అంది.

"ఇలా అవుతుందని నీకు తెలుసా?"

"రెండు చలికాలాలు పొయ్యి దగ్గరే నిలబడ్డాను. తెలియకుండానే నిలబడ్డానా? ఒక్క ముక్కయినా వద్దన్నావా నువ్వు?"

ఆయన్ని బయటికి లాగడానికి నలుగురు కావాల్సి వచ్చింది. మార్గిట్ ఆయన చేతిలో ఒక కాగితం పొట్లం పెట్టింది.

"సాండ్‌విచ్. గడ్డిలో కూర్చుని తిను."

కర్ర ఆమె ఒళ్ళోకి వెన్నలా వచ్చింది. మార్గిట్ ఎగిరింది. మైదానం చుట్టూ తిరిగినప్పుడల్లా, సరిగ్గా ఆర్విడ్ నెత్తి మీదికి వచ్చి రెక్క వంచింది. ఆయన తల ఎత్తలేదు. నములుతూనే ఉన్నాడు.

ఇదంతా జరిగినదే. ఆ ఐస్‌క్రీం ఆవులు కూడా నిజమే. నేను కల్పించింది ఆర్విడ్ లూండ్ అన్న పేరొక్కటే. చెప్పొద్దూ, ఆ సాండ్‌విచ్‌లో మా ఆవిడ చీజు మాత్రం దండిగా పెట్టింది.