తూటు లేని పైస

వీరేందర్ దొంగతనం చేసింది పట్టపగలే. అదీ మజ్జిగ కోసం ఎదురుచూసుకుంట.

నర్మెట్ట ఊర్ల ఐలయ్య సారు ఇంటికి కిటికీ జాలీలు వెల్డింగ్ చెయ్యనీకి పోయిండు. రిటైరైన సారుకు పాత పైసల పిచ్చి. వచ్చినోనికల్లా నిజాం కాలం రాగి పైస ఒకటి చూపెట్టేటోడు.

"యుద్ధం రోజులల్ల రాగి మిగులుతదని పైసకు నడుమ తూటు పెట్టిన్రు. దీనికి మరిచిపోయిన్రు, సూడు, నడుమ సాదాగుంది. తూటున్నదైతే యాభైకి దొరుకుతది. గిది నాలుగు లక్షలకు అడిగిన్రు. నేనియ్య!"

గంత చెప్పి సారు మజ్జిగ తేనీకి లోపలికి పోయిండు. తెచ్చేసరికి పైస వీరేందర్ జేబుల ఉంది.

నాలుగు లక్షలంటే మాటలా! పదకొండేండ్ల సంది కిరాయి షెడ్డులనే బతుకుతున్నడు. సొంత షెడ్డు, సొంత మిషిని, బోర్డు మీద సొంత పేరు. ఆ పేరుకు ఎర్ర రంగు వెయ్యాలని గూడ అప్పుడే అనుకున్నడు.

మరి దాసుడెట్ల? పోలీసోల్లు ఇల్లు దేవులాడక ఇడువరు. తండాల ఉండే లచ్చవ్వ యాదికొచ్చింది. లంబాడీ బట్టలకు అద్దాలు, పాత పైసలు కుట్టి పెండ్లిల్లకు అమ్ముతది. ఆమె డబ్బా నిండ పావలాలు, పది పైసలు, నిజాం పైసలు. పైసలల్ల పైస ఎవనికి కానొస్తది?

"అవ్వా, తలుపు బందు ఊడిందంటివి గద!" అనుకుంట పోయిండు. బందు బిగిచ్చిండు, పైసను డబ్బా అడుగున పడేసిండు. కూలి గూడ తీసుకోలే, గంత మంచోడు.

నాలుగొద్దులకు కానిస్టేబుల్ దేవేందర్ షెడ్డుకొచ్చి కుర్చీ ఏసుకోని కూసున్నడు.

"ఆ దినం సారింట్ల నువ్వొక్కనివే ఉన్నవు. పైస ఏది?"

"నాకేమెరుక సారూ? నా పని నేను చేసుకుంటున్న."

వీరేందర్ భయం కానరావద్దని పనిల పడ్డడు. విరిగిన గేటు అతికిండు. నాగలి కర్రు సాన పట్టిండు. లచ్చవ్వ పొద్దుగాల ఇచ్చిపోయిన మూట ఇప్పి, నాలుగు నాలుగు పేర్చి వైసు పట్టుల బిగిచ్చి డ్రిల్లు దింపిండు, ఆమె రాంగనే మూట చేతిల పెట్టిండు. ఎవరో తెచ్చిన మంచం కాలు సక్కగ చేసిండు. చెయ్యి ఆగలే. కండ్లు మాత్రం కానిస్టేబుల్ మొహం మీదనే ఉన్నయి.

గంటసేపు చూసి దేవేందర్ లేచిండు. "దొంగైతే చేతులు వణుకుతయి. నీ చేతులు వణకలే" అని పోయిండు. తెల్లారి ఇల్లు దేవులాడిన్రు గని ఏం దొరకలే. తన ధైర్యానికి తనే మురిసిపోయిండు వీరేందర్.

ఇరవై దినాలకు గొడవ సల్లబడ్డది. హైదరాబాద్‌ల పాత పైసలు కొనే సేటు ఒకడు బేరానికి ఒప్పుకున్నడు. "గీత గూడ పడొద్దు. పడ్డదా, నాకొద్దు" అన్నడు ఫోన్ల.

వీరేందర్ ఉరుకుడు ఉరుకుడే తండకు పోయిండు. డబ్బా కుమ్మరించి ఏరిండు. పైస లేదు!

"అవ్వా, గీ డబ్బాల, నడుమ తూటు లేని నిజాం పైస ఒకటి ఉండాలె."

"యాడికి పోతది బిడ్డా? మంచి రాగి అని కొంగుకు కుట్టిన, గిదిగో."

పోయిన పానం లేచొచ్చింది. పైసను ఎలుగుకు పెట్టి చూసిండు. నడుమ సాదాగనే ఉంది. హమ్మయ్య అనుకుంట దారం గుంజిండు. దారం పైస అంచులకెల్లి బయటికొచ్చింది.

"దీనికి తూటు ఎవడు పొడిచిండవ్వా?" ఏడుపొక్కటే తక్కువ.

లచ్చవ్వ వింతగ చూసింది.

"ఎవడేంది బిడ్డా, మొన్న ఆ పోలీసాయన ముంగట నువ్వే గద పొడిస్తివి!"